లిఖిత సాక్ష్యం

దిండు గలీబు మార్చడానికి మార్తమ్మ చీరకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. రెండు వేళ్ళతో కొస పట్టుకుని లాగితే జిడ్డూ చెమటా కలిసి ముక్కిపోయిన వాసన గుప్పుమంది. ఆడపిల్ల పడుకునే పక్కేనా ఇది, పశువుల కొట్టం నయం అనుకుంది. అనుకుని ఊరుకోలేదు, పెరట్లోకి వినపడేట్టు పైకే అంది.

పెరట్లో బాత్రూంలో ఆవిడ కోడలు లిఖిత నీళ్ళు పోసుకుంటోంది. ఆరు రోజుల తర్వాత ఇవాళ పోసుకుంటోంది. మొగుడు డేవిడ్ రాజు తెల్లారకుండా లేచి, నీళ్ళు కాచి, బకెట్టు లోపల పెట్టి, తువ్వాలు తలుపు మీద వేసి, "ఇవాళ్టికి ఈ ఒక్క పనే లిఖితా. ఇంకేం చెయ్యక్కర్లేదు" అని బతిమాలి, తన ఐసు బండి వేసుకుని రొయ్యల చెరువుల మీదకి వెళ్ళాడు. ఇరవై ఏడేళ్ళ మనిషికి స్నానం చెయ్యడం ఒక పనట. దానికి మొగుడు బతిమాలడమట. తలుచుకున్నప్పుడల్లా మార్తమ్మకి ఒళ్ళు మండిపోతోంది.

నాగాయలంకలో మార్తమ్మ శుభ్రం గురించి తెలియనివాళ్ళు లేరు. ఇరవై రెండేళ్ళు హాస్టల్లో వంట చేసి రిటైరైన మనిషి. గంగాళం అడుగున ఒక్క మెతుకు కనపడినా మళ్ళీ తోమించేది. అలాంటి ఆవిడకి ఇలాంటి కోడలు. మూడేళ్ళ క్రితం వచ్చినప్పుడు ఇలా లేదు సుమా. గంజి పెట్టిన కాటన్ చీర కట్టుకుని ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పడానికి వెళ్ళేది. నాలుగు నెలల క్రితం స్కూలు మానేసింది. తర్వాత జడ వేసుకోవడం మానేసింది. ఆ తర్వాత మాట్లాడటం కూడా మానేసింది. మొగుడు తాగడు, కొట్టడు. అత్త వేళకింత వండి పెడుతుంది. ఇంక నీకొచ్చిన లోటేంటమ్మా అని అడిగితే గోడకేసి తిరిగి పడుకునేది.

రెండు వారాలకోసారి డేవిడ్ రాజు ఆమెని బందరు తీసుకెళ్తున్నాడు. ఎక్కడికిరా అంటే "నీరసానికి డాక్టరమ్మా" అని తల వంచుకునేవాడు. పెళ్ళయి మూడేళ్ళయినా కడుపు పండలేదు కాబట్టి ఆడవాళ్ళ డాక్టరు దగ్గరికే అయ్యుంటుందని మార్తమ్మ తనలో తాను తీర్మానించుకుంది. చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నారులే అని గుచ్చి గుచ్చి అడగలేదు.

దుప్పటి కోసం పరుపు ఎత్తేసరికి దాని కింద ఒక నోటుపుస్తకం కనపడింది. కళ్ళజోడు వంటింట్లో ఉండిపోవడంతో చెయ్యి బారచాపి చదివింది. పెద్దక్షరాలు మాత్రం కంటికి ఆనాయి. 'నేను రోత మనిషిని. దేనికీ పనికిరాను.' దాని పక్కన సున్నా చుట్టి 95 అని అంకె. కింద గీత కొట్టి, 'సాక్ష్యం' అని రాసి ఉంది. ఆ కిందంతా చీమల్లాంటి అక్షరాలు.

మార్తమ్మ ఎరిగిన సాక్ష్యం ఒక్కటే. చర్చిలోనో కూడికలోనో నలుగురి ముందూ నిలబడి, దేవుడు తనకి చేసిన మేలు చెప్పుకోవడం. ఎవరు చెప్పినా మొదలుపెట్టేది ఇలాగే కదా. నేను పాపిని, పనికిరానిదాన్ని, మురికిదాన్ని, అలాంటి నన్ను ఆయన ఇలా నిలబెట్టాడు అంటారు. చెప్పేముందు తమకిష్టమైన పాట నంబరు చెప్పి అందరి చేతా పాడిస్తారు. అంటే ఈ తొంభై ఐదు పాట నంబరు. నాలుగు నెలలుగా చర్చి గడప తొక్కని పిల్ల చాటుగా సాక్ష్యం రాసుకుంటోంది. నిలబడి చెప్పే ధైర్యం చాలక పరుపు కింద దాచుకుంది. మార్తమ్మ కళ్ళు చెమ్మగిల్లాయి.

చిన్నక్షరాలు కూడా చదువుదామనుకుని ఆగింది. సంఘంలో చెప్పకముందే ఒకరి సాక్ష్యం ఇంట్లో చదివెయ్యడం తప్పనిపించింది. కళ్ళజోడు తెచ్చుకుని నాలుగు లైన్లు చదివుంటే సరిపోయేది. కానీ ఆవిడ దైవభయం అంతా సరిగ్గా అక్కడే అడ్డుపడింది. పుస్తకం కొంగు చాటున పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ రోజు గురువారం. మూడింటికి స్త్రీల కూడిక వాళ్ళింటి వరండాలోనే. పదకొండు మంది వచ్చి చాపల మీద సర్దుకున్నారు. కూడిక నడిపించేది సౌభాగ్యమ్మ. ఎవరింట్లో ఏం ఉడుకుతోందో మూత తియ్యకుండా చెప్పగల మనిషి. పక్కవాళ్ళ కష్టం వింటున్నప్పుడు ఆవిడ మొహంలోకి ఒక తృప్తి వస్తుంది, బాగా చేసిన పులుసు నాలిక్కి తగిలినప్పుడు వచ్చేలాంటిది. ఎరిగున్నవాళ్ళకి అది చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

"మీ కోడలేది వదినా?" అంది రాగానే.

"లోపల పడుకుంది వదినా. ఒంట్లో బాలేదు." మార్తమ్మ గొంతు తగ్గించింది. "కానీ చూడు, దేవుడు కార్యం చేశాడు. సాక్ష్యం రాసుకుంది. చెప్పడానికి సిగ్గు. నువ్వు చదివి పెట్టు."

సౌభాగ్యమ్మ పుస్తకం అందుకుని మొదటి లైను చూసి తలాడించింది. "ముందు పాట కావాలంది కదా. తొంభై ఐదు తియ్యండి" అంది. పదకొండు మందీ చప్పట్లు కొడుతూ ఆ పాట మూడు చరణాలూ పాడారు. మార్తమ్మ అందరికన్నా గట్టిగా పాడింది.

"నేను రోత మనిషిని, దేనికీ పనికిరాను" అని సౌభాగ్యమ్మ గొంతులో ఏడుపు నింపుకుని చదివింది.

"స్తోత్రం" అన్నారందరూ.

"సాక్ష్యం. ఒకటి. ఆరు రోజుల నుంచి స్నానం చెయ్యలేదు. నా ఒంటి వాసన నాకే తెలుస్తోంది."

మళ్ళీ స్తోత్రం అనబోయిన నోళ్ళు సగంలో ఆగాయి.

"రెండు. నేను తాగిన గ్లాసు అత్తయ్య విడిగా పెట్టి సబ్బుతో రెండోసారి కడుగుతుంది." సౌభాగ్యమ్మ ఇక్కడ ఆగింది. తలెత్తి మార్తమ్మ వంక ఒకసారి చూసింది. మనిషన్నవాళ్ళెవరైనా అక్కడ పుస్తకం మూసేస్తారు. ఆవిడ మూయలేదు. కళ్ళజోడు సర్దుకుని ఇంకాస్త స్పష్టంగా చదివింది. "మూడు. నా బట్టలు కర్రతో ఎత్తి బకెట్లో వేస్తుంది. నాలుగు. అన్నం గుమ్మంలో పెట్టి వెళ్ళిపోతుంది, లోపలికి రాదు. నిన్న కుక్కకి కూడా అలాగే గుమ్మంలో పెట్టింది."

మిక్చరు నములుతున్న ఒకావిడ దవడలు ఆగాయి. రెండు క్షణాలు ఆగి మళ్ళీ ఆడాయి. మార్తమ్మకి ఆ కరకరమనే చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. లేచి పుస్తకం లాక్కోవాలని తట్టేలోపే సౌభాగ్యమ్మ తర్వాతి లైను అందుకుంది.

"ఐదు. నేను లేకపోతే ఈ ఇల్లు శుభ్రంగా ఉంటుంది."

లోపలి గది తలుపు తెరుచుకుంది. లిఖిత గుమ్మంలో నిలబడింది. దువ్వని జుట్టు చిక్కులు పడి భుజాల మీద వేళ్ళాడుతోంది. పదకొండు జతల కళ్ళు ఆ జుట్టునీ, నైటీనీ, కాలిగోళ్ళనీ పైనుంచి కిందికి తడిమాయి. ఒకావిడయితే గాలి పీల్చి కూడా చూసింది.

"అది నా పుస్తకం పిన్నిగారూ" అంది లిఖిత. గొంతు పెంచలేదు.

"అయితే ఏమైందమ్మా, మనమంతా ఒక్క కుటుంబమేగా." సౌభాగ్యమ్మ పుస్తకం ఇస్తూనే చెయ్యి పట్టుకోబోయింది. "నీకిది సాతాను శోధన. పాస్టరయ్యగారి చేత తల మీద చెయ్యి పెట్టించి ప్రార్థన చేయిద్దాం."

"ఒక బిడ్డ కలిగితే ఇవన్నీ ఎగిరిపోతాయి" అని మూలనుంచి ఇంకో గొంతు అందుకుంది.

లిఖిత వెనక్కి తిరిగి వెళ్ళి గడియ పెట్టుకుంది. ఐదో మాట మార్తమ్మ చెవుల్లో ఇంకా గింగురుమంటోంది.

ఆడవాళ్ళు టీ తాగి మరీ వెళ్ళారు. వెళ్తూ ఒక్కొక్కరూ మార్తమ్మ భుజం తట్టారు. ఆ తట్టిన చోటల్లా ఏదో పాకినట్టయింది ఆవిడకి. కొడుక్కి ఫోన్ చేసి, తలుపు దగ్గర కూలబడింది.

"లిఖితా, తలుపు తియ్యమ్మా."

"ఏమీ చేసుకోనులెండి. తలుపు వదిలిపెట్టి వెళ్ళండి."

ఆవిడ వదల్లేదు. డేవిడ్ రాజు చెరువు గట్టు మీద లోడు వదిలేసి అరగంటలో వచ్చాడు. అతని గొంతు విన్నాకే లిఖిత గడియ తీసింది. అతను పుస్తకం ఒకసారి, తల్లి మొహం ఒకసారి చూశాడు.

"ఏం చేశావమ్మా నువ్వు?"

"సాక్ష్యం అనుకున్నాను రా. తొంభై ఐదు అంటే పాట నంబరు అనుకున్నాను."

నవ్వాలో ఏడవాలో తెలియక డేవిడ్ రాజు తల పట్టుకున్నాడు. "ఆ రాయడమే మందమ్మా. తనకొచ్చింది డిప్రెషన్. మాత్రలు వాడుతోంది. దాంతోపాటు బందర్లో మైమూనా మేడమ్ గారని ఉన్నారు, ఆవిడది మాటలతో చేసే వైద్యం. మనసు పదేపదే ఏ మాటంటోందో అది కాయితం మీద పెట్టమంటారు. దాన్ని నూటికి ఎంత నమ్ముతున్నావో అంకె వెయ్యమంటారు, ఆ తొంభై ఐదు అదే. అది నిజమే అనడానికి ఏం సాక్ష్యం ఉంది, కాదనడానికి ఏం సాక్ష్యం ఉంది, రెండూ రాయమంటారు. కోర్టులో విచారించినట్టు. అలా ఒక్కొక్క మాటకీ ఊపు తగ్గుతుంది. పొద్దున స్నానం చెయ్యమన్నానే, అదీ వైద్యంలో భాగమే. రోజుకొక్క చిన్న పని."

"మరి నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్తే సౌభాగ్యమ్మత్తకి చెప్తావని."

మార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

లిఖిత గోడకి ఆనుకుని కూర్చునే అంది, "ఇంక మందు లేదు, ఏం లేదు. రేపు బందరు రాను. ఒక్క చోట నిజం రాసుకున్నాను. ఇప్పుడు చేపల మార్కెట్లో కూడా తెలిసిపోయుంటుంది గ్లాసు సంగతి."

"తప్పయిపోయిందమ్మా" అంది మార్తమ్మ. "ఆదివారం సంఘం ముందు నిలబడి ఒప్పుకుంటాను. గ్లాసు కడిగింది నిజమని, పాపం నాదని అందరి ముందూ చెప్తాను."

లిఖిత నవ్వింది. వినడానికి బాగోని నవ్వు. "మళ్ళీ అందరూ వినేది నా గురించేగా అత్తయ్యా. మీ తప్పు ఒప్పుకోవడానికి కూడా నా మురికే కావాలా మీకు?"

ఆ మాటతో మార్తమ్మకి తల కొట్టేసినట్టయింది. నిజమే. ఇప్పుడు కూడా ఆవిడ కళ్ళ ముందు మెదిలింది కోడలి మొహం కాదు, తను కన్నీళ్ళు కారుస్తుంటే అయ్యో అంటున్న సంఘం. ఛీ, ఏం మనిషిని నేను అనుకుంది. ఇన్నాళ్ళూ పక్కగుడ్డల్లో, దిండు గలీబుల్లో వెతికిన రోత తన నోట్లోనే ఉందనిపించి, తన ఉమ్మి తనే మింగలేకపోయింది.

"అయితే ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు."

"రేపు మీరూ రండి. మేడమ్ గారి ముందు కూర్చుని, ఏం చేశారో ఆవిడ ఒక్కదానికి చెప్పండి. ఏమంటుందో చూద్దాం."

కోపంతోనే అంది. అయినా నాలుగు నెలల్లో ఆ పిల్ల నోరు తెరిచి ఇది కావాలని అడగడం అదే మొదలు. డేవిడ్ రాజు అప్పటికే పక్కకెళ్ళి మైమూనాకి ఫోన్ చేశాడు. ఒంటరిగా వదలొద్దు, గడియ పెట్టనివ్వొద్దు, పొద్దున్నే తప్పకుండా తీసుకురండి అని ఆవిడ గట్టిగా చెప్పింది. అలాగే చేశారు.

మర్నాడు ఆరున్నర బస్సులో ఇద్దరు పట్టే సీటు ఒక్కటే దొరికింది. డేవిడ్ రాజు వెనక నిలబడ్డాడు. అత్తాకోడళ్ళు పక్కపక్కనే కూర్చోక తప్పలేదు. బస్సు అవనిగడ్డ దాటి, చల్లపల్లి దాటింది. ఇంత దగ్గరగా కూర్చుని ఎన్నాళ్ళయిందో లెక్క వేసుకుంటే మార్తమ్మకి గుర్తు రాలేదు. కోడలి దగ్గర వాసనేమీ రావడం లేదు. వచ్చుంటే మాత్రం ఏం కొంప మునిగేదని ఇప్పుడనిపించింది. ఆ బుద్ధి నాలుగు నెలల క్రితం ఉండాల్సింది.

కోనేరు సెంటరు పక్క సందులో, మందుల షాపు మీద మేడలో మైమూనా గది. నలభై ఏళ్ళుంటాయి, తల మీద దుపట్టా, పెద్దగా నవ్వని మొహం. మార్తమ్మ ఆవిడ ముందు కూర్చుని మొత్తం చెప్పింది. గ్లాసు, కర్ర, గుమ్మం, కుక్క. ఏదీ దాచలేదు. పాట నంబరు సంగతి కూడా చెప్పేసింది.

మైమూనా నవ్వలేదు. "ఇందులో నా తప్పు కూడా ఉందండీ" అంది. "సాక్ష్యం అంటే నాకు కోర్టే తట్టింది. మీ ఇళ్ళల్లో ఆ మాటకి ఇంకో అర్థం ఉంటుందని ఆలోచించలేదు." తర్వాత లిఖిత వైపు తిరిగి సూటిగా అడిగింది. "ఐదో నంబరు రాసినప్పుడు ఏదైనా చేసుకుందామనుకున్నారా?"

"లేదు మేడమ్. లేకుండా పోతే బావుండునని అంతే. చేసుకోవాలని కాదు."

"అనిపించిందంటే మాత్రం ఏ వేళైనా సరే ఫోన్ చెయ్యాలి. ముందు మీ ఆయనకి, తర్వాత నాకు. సరేనా?"

లిఖిత తలూపింది. మైమూనా పుస్తకం తిప్పుతూ పోయింది. ఎడమ పేజీలన్నీ నిండా రాసి ఉన్నాయి. కుడి పేజీల మీద 'ఎదురు సాక్ష్యం' అన్న మాట తప్ప ఇంకేం లేదు.

"ఇటువైపు ఒక్కటీ రాయలేదే?"

"ఏమీ లేదు మేడమ్. చాలా వెతికాను."

"ఈ జబ్బు చేసే పనే అది. ఒకవైపు సాక్షుల్నే పిలుస్తుంది, రెండోవాళ్ళని గుమ్మం ఎక్కనివ్వదు." పుస్తకం లిఖిత ముందు పెట్టి, మైమూనా మార్తమ్మని చూసింది. "మీరు చెప్పండమ్మా. మంచి పిల్ల, బంగారం, అలాంటి మాటలు వద్దు. రోత మనిషి కాదనడానికి మీ కళ్ళతో చూసింది ఏదైనా జరిగిందా? జరగకపోతే జరగలేదనే చెప్పండి."

మార్తమ్మ దగ్గర ఒక సంగతి ఉంది. ఏడాదిగా ఎవరికీ చెప్పలేదు. ఆఖరికి సౌభాగ్యమ్మకి కూడా.

"పోయిన ఆగస్టులో నాకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయండీ" అంది నేలని చూస్తూ. "వీడు లోడుతో వైజాగ్ వెళ్ళాడు. నాలుగు రోజులు లేవలేకపోయాను. అన్నీ పక్క మీదే అయిపోయేవి. ఈ పిల్లే చేత్తో ఎత్తింది. నా ఒళ్ళు తుడిచింది. రోజుకి ఐదారుసార్లు చీర మార్చింది. గుమ్మంలో నిలబడి చెయ్యలేదండీ, నా పక్కలో కూర్చుని చేసింది. ఒక్కసారి ముక్కు మూసుకోలేదు. నాకే సిగ్గేసి ఎవరికీ చెప్పుకోలేదు. తర్వాత జరగనట్టే ఉండిపోయాను."

లిఖిత విస్తుపోయి చూసింది. "అది నాకు గుర్తే రాలేదు" అంది.

మైమూనా పెన్ను ముందుకి జరిపింది. లిఖిత కుడి పేజీ మీద నెమ్మదిగా ఒక్కొక్క మాటే రాసింది. ఆమె రాయడం అయ్యేదాకా ఆగి, మార్తమ్మ ఇంతకాలం అడగలేకపోయింది అడిగేసింది.

"అప్పుడు నీకు అసహ్యం వెయ్యలేదా అమ్మా?"

లిఖిత లేదని చెప్పేస్తే సరిపోయేది. కానీ ఆ గదిలో అబద్ధం చెప్పకూడదని నేర్చుకుంది.

"వేసింది అత్తయ్యా. పెరట్లోకెళ్ళి రెండుసార్లు వాంతి కూడా చేసుకున్నాను."

"మరి నా దగ్గర ఒక్కసారన్నా మొహం తిప్పుకోలేదే?"

"మీరు చూస్తున్నారు కదా అని."

మార్తమ్మ ఒక్కసారిగా భోరుమంది. అరవై ఒక్కేళ్ళ మనిషి, ఊళ్ళో అందరికీ శుభ్రం నేర్పిన మనిషి, పరాయి ఊళ్ళో పరాయి మనిషి ముందు కళ్ళూ ముక్కూ ఏకమై కారుతుంటే తుడుచుకోవాలని కూడా తెలియకుండా ఏడ్చింది. లిఖిత కుర్చీ దగ్గరకి జరుపుకుని, తన చున్నీ కొసతో ఆవిడ ముక్కు తుడిచింది.